పాత బిల్లు ముందు

మొన్న సోమవారం పొద్దున బెంగళూరు బస్సు జూజువాడి దగ్గర ఆగిపోయింది. ముందు లారీల వరస కదలడం లేదు. కిటికీ పక్కన ఒక టైర్ల అంగడి గోడ, గోడ మీద పోస్టరు. మా హోసూరు వైపు ఎవరైనా పోతే ఫోటోతో సహా తమిళంలో 'కన్నీటి అంజలి' అని అచ్చు వేయించి గోడలకు అంటిస్తారు. రోజూ చూసేవే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. నేను మాత్రం ఆ ఫోటోను గుర్తుపట్టాను. దిగుమతి లైసెన్సు దరఖాస్తు మీద అంటించడానికి దాని అంచులు కత్తిరించింది నేనే. కొత్తది తీయించుకోండి సార్ అంటే, "ఈ మొఖానికి మళ్ళీ దుడ్డు దేనికమ్మా, అదే మొఖం గదా" అన్నాడు. అదే ఫోటో చివరికి పోస్టరుకు కూడా పనికొచ్చింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు బయట పెట్టుకోవడం ఆయనకే ఇష్టం ఉండేది కాదు. మాకు ఆయన సార్, హాస్పిటళ్ళ వాళ్ళకు శెట్టిగారు, బ్యాంకు వాళ్ళకు పార్టీ. హోసూరు పూల మార్కెట్టు వెనక వీధిలో రెండు గదుల ఆఫీసు, దాని వెనక గోడౌను. అక్కడ పదకొండేళ్ళు లెక్కలు రాశాను. కిడ్నీలు చెడిపోయినవాళ్ళకు మిషను మీద రక్తం శుభ్రం చేస్తారు కదా, ఆ మిషనుకు తగిలించే ఫిల్టర్లు, గొట్టాలు విదేశాల నుంచి తెప్పించి, హోసూరు నుంచి కృష్ణగిరి దాకా ఉన్న హాస్పిటళ్ళకు ఇవ్వడం ఆయన వ్యాపారం.

పొద్దున చెప్పులు గడప బయట విడిచి లోపలికి రాగానే ఒకటే మాట. "ఎంత?" ఇంకేమీ ఉండదు. డాలరు ఎంత అని అర్థం. కొత్తగా చేరినవాళ్ళు బిత్తరపోయేవాళ్ళు. నా పక్క సీటులో చేరిన ఒక అమ్మాయి మొదటిరోజు తన జీతం చెప్పింది. డాలరు పది పైసలు ఎక్కిందంటే ఆ రోజు రెండో కాఫీ తెప్పించేవాడు కాదు. లక్షల సరుకు సముద్రం మీద ఉంటే ఒక కాఫీ మానుకుని ఏం పూడుస్తాడో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు.

రెండో మాట "ఎన్ని దినాలు?" ఏది చెప్పినా అదే అడిగేవాడు. పెళ్ళి పత్రిక ఇస్తే ఎన్ని దినాలుండాది అంటాడు. ఎవరికో జ్వరమంటే ఎన్ని దినాలైంది అంటాడు. నేను కడుపుతో ఉన్నానని చెప్పినప్పుడు కూడా అదే అడిగాడు. డాక్టరు చెప్పిన తేదీ చెబితే గోడ క్యాలెండరులో ఎర్ర పెన్నుతో చుట్టాడు. ఆ పక్కనే ఇంకో చుట్టు ఉంది, చెన్నై రేవుకు మా ఓడ రావలసిన తేదీ. ఓడ పన్నెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. నేను బిడ్డనెత్తుకుని ఆఫీసుకు వెళ్ళినప్పుడు, "నువ్వే మేలమ్మా, చెప్పిన దినానికి తెచ్చినావు" అన్నాడు. అది పొగడ్తేనని నాకు తరవాత తెలిసింది.

ఆయన దినాలు లెక్కపెట్టడానికి కారణం ఉంది. విదేశీ కంపెనీ ముందు డబ్బు చేరితేనే సరుకు కదిలిస్తుంది. ఓడ ప్రయాణం, చెన్నైలో కస్టమ్స్ డ్యూటీ, అక్కడి నుంచి లారీ. సరుకు హాస్పిటలుకు చేరాక వాళ్ళు తొంభై రోజులంటారు, నూట యాభై రోజులకు ఇస్తారు. ఈలోపల బ్యాంకు వడ్డీ ఆగదు. ఫిల్టరు మీద అచ్చువేసిన గడువు తేదీ కూడా ఆగదు. "దుడ్డు హోసూరు ఇడిచి పోయి మళ్ళ హోసూరు చేరేదానికి ఏడు నెలలమ్మా. ఆ ఏడు నెలలు మనం యాడ బతకాల?" అనేవాడు. ఆ ఏడును ఆరు చేయడానికే ఆయన బతికాడని నా నమ్మకం.

అందుకోసం ఆయన పడని పాటు లేదు. వారానికి రెండు రోజులు హాస్పిటళ్ళ అకౌంట్సు గదుల చుట్టూ తిరిగేవాడు. కుర్చీ చూపించినా కూర్చునేవాడు కాదు. కూర్చున్నవాణ్ణి మర్చిపోతారని, నిలబడినవాడు కళ్ళకు అడ్డం కాబట్టి త్వరగా పంపించేస్తారని ఆయన లెక్క. చంకలో వార్తాపత్రికలో చుట్టిన గులాబీల కట్ట ఉండేది. మార్కెట్టు వెనకే కదా మా ఆఫీసు, రైతులు వదిలేసిన పూలు చవకగా దొరికేవి. ఆ కట్ట క్యాషియరమ్మ బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా నిలబడేవాడు. ఒక పండగకు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆయన భార్య నాతో అంది, "కృష్ణగిరిలో ఉండే ఆడోళ్ళందరికీ రోజాలిచ్చినాడంట. ఈ ఇంటికి ఒక్క పువ్వు తేలేదమ్మా."

నేను చేరిన మొదటి వారంలోనే ఒక తప్పు చేశాను. కృష్ణగిరి హాస్పిటలు ఒకటి చెక్కు పంపి, దాంతోపాటు ఇది ఫలానా కొత్త బిల్లుకు అని కాగితం పెట్టింది. నేను అలాగే ఆ బిల్లుకు జమ వేశాను. ఆయన పుస్తకం నా ముందు పెట్టి, ఆ వరసను గోటితో గీశాడు. "వాళ్ళు ఏ బిల్లుకని రాసినా మనం సూడకూడదమ్మా. దుడ్డు మన చేతికి వచ్చినాంక అది పాత బిల్లుకే పోవాల. కొత్తదానికి జమేస్తే పాతది అట్లే మురిగిపోతాది. బ్యాంకువాడు ముందు సూసేది దాన్నే." మా పనిలో ఇది అందరూ పాటించేదే. కానీ ఆయనకు అది స్నానం, పూజ లాంటిది. ఎవరిచ్చినా, ఎందుకిచ్చినా, అన్నిటికంటే పాత బిల్లుకు ముందు. అది తీరితేనే కొత్త ఫిల్టర్ల పెట్టె.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. నేను చేరకముందు ఒక పెద్ద హాస్పిటలు మూతపడి ఆయన్ను నిలువునా ముంచింది. ఇంటి స్థలం అమ్మి బ్యాంకుకు కట్టాడట. కొత్త బిల్లులు మాత్రం కట్టుకుంటూ పాతవి దాచి ఉంచి ఆయన్ను మభ్యపెట్టారట. అయినా మా జీతం ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు. నెలాఖరు రోజు పొద్దునే, ఇంకే చెల్లింపూ చేయకముందే మా కవర్లు ఇచ్చేవాడు. అందుకే నేను ఆయన్ను నమ్మాను, ఆయన నియమాన్నీ నమ్మాను. ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి అదే కష్టంగా ఉంది.

మత్తూరులో ఒక చిన్న డయాలసిస్ సెంటరు ఉండేది. ఒక ధర్మసంస్థది. ఇన్సూరెన్సు పథకం నుంచి డబ్బు వస్తే వాళ్ళు మాకు కట్టాలి. ఆ సంవత్సరం వాళ్ళకు రావలసింది నెలల తరబడి రాలేదు. మాకు ఏడు నెలల బిల్లులు నిలిచిపోయాయి. సార్ సరుకు ఆపేశాడు. అక్కడి నర్సు, అందరూ సిస్టరమ్మ అనేవాళ్ళు, రోజూ ఫోను చేసేది. ఫోను ఎత్తేది నేనే కాబట్టి "సార్ లేరమ్మా" అనేదీ నేనే. చాలాసార్లు ఆయన నా ఎదురుగానే ఉండేవాడు.

ఒకరోజు పొద్దున పదకొండు గంటలకు సిస్టరమ్మే వచ్చింది, కృష్ణగిరిలో బస్సు మారి. వెంట ఒకాయన ఉన్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి. గొర్రెలు మేపుకుంటూ, మిగతా రోజుల్లో గ్రానైటు క్వారీలో కూలికి పోతాడట. భార్య మునెమ్మకు వారానికి రెండుసార్లు మిషను పెట్టాలి. సెంటరులో మునెమ్మతో కలిపి నలుగురు పేషెంట్లు. ఒక పెట్టెలో ఇరవైనాలుగు ఫిల్టర్లు ఉంటాయి, అంటే నలుగురికీ మూడు వారాలు. నాలుగు కుటుంబాలూ కలిసి పెట్టె డబ్బు పోగుచేశాయి. ఈయన వంతుకు రెండు గొర్రెలు అమ్మాడు. డబ్బు తువ్వాలులో మూటగట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

సార్ లెక్క పెట్టమన్నాడు. పెట్టె ధరకు సరిపోగా ఇంకో వెయ్యి ఎక్కువే ఉంది.

"రసీదు రాయమ్మా," అన్నాడు సార్.

నేను రాశాను. ఏ బిల్లుకు అని ఆయన్ను అడగలేదు. ఏడు నెలల కిందటి బిల్లు నంబరు వేశాను. అడగాలని కూడా తోచలేదు.

సిస్టరమ్మ రసీదు చదివి తలెత్తింది. "పెట్టె ఎప్పుడు సార్ ఇస్తారు?"

"పాతది ఇంకా ఉండాది గదమ్మా. అది తీరనీ."

"సార్, ఇది సెంటరు దుడ్డు కాదు. పేషెంట్లు ఇచ్చింది."

"ఎవురిచ్చినా సెంటరు పేరు మీదే గదా ఉండేది. ఈ పొద్దు మీకిస్తే రేపు అందరూ ఇట్లే వస్తారు. చెన్నైలో సరుకు దిగి ఉండాది, డ్యూటీ కట్టాల. నేను యాడ పోయేది?"

అబద్ధం కాదు. చెన్నైలో సరుకు ఉంది, బ్యాంకు అప్పు పరిమితి నిండిపోయింది, డాలరు ఎక్కింది. కానీ మా వెనక గోడౌనులో నలభై పెట్టెలున్నాయి. నెలకల్లా డబ్బిచ్చే హోసూరు హాస్పిటలు ఒకటి అడిగిందని వాటిని పక్కకు తీసిపెట్టాం. ఈ సంగతి నాకు తెలుసు, సిస్టరమ్మకు తెలియదు.

ఆమె ఇంకా మాట్లాడుతుంటే ఆ గొర్రెలాయన బయటికి పోయాడు. కోపంతో పోయాడనుకున్నాను. గంట తరవాత గోడౌను తలుపు తాళం చూడడానికి వెళితే అక్కడ నిలబడి ఉన్నాడు. తువ్వాలు చుట్టచుట్టి నెత్తిన పెట్టుకున్నాడు. డబ్బిచ్చి రసీదు తీసుకున్నాక సరుకు గోడౌనులో ఇస్తారని ఆయన అనుకున్నాడు. ఎక్కడైనా అంతే కదా. ఎరువుల అంగడిలో అంతే, సిమెంటు అంగడిలో అంతే.

"పెట్టె బరువుంటాదా అమ్మా? బస్సులో పెట్టనిస్తారా?" అని అడిగాడు.

నేను ఏదో గొణిగి లోపలికి వచ్చేశాను. సిస్టరమ్మే వెళ్ళి చెప్పి తీసుకుపోయింది. వాళ్ళు వెళ్ళేటప్పుడు కిటికీలోంచి చూశాను. ఆయన తువ్వాలు విప్పి భుజాన వేసుకుని నడుస్తున్నాడు. ఆ మధ్యాహ్నం నేను అన్నం తిన్నాను. తినలేకపోయానని రాస్తే బాగుండేది, కానీ తిన్నాను.

మత్తూరులో ఉన్న కొద్ది ఫిల్టర్లనే నలుగురికీ సర్దారు. వారానికి రెండుసార్లు పెట్టాల్సిన మిషను ఒక్కసారే పెట్టారు. తొమ్మిదో రోజు సిస్టరమ్మ ఫోను చేసింది. "సార్ లేరమ్మా" అనబోయాను.

"సార్ వద్దులేమ్మా. ఒక మాట చెప్పు చాలు. నిన్నటి నుంచి మాకు ముగ్గురే," అంది.

సార్‌తో చెప్పాను. అలవాటు కొద్దీ "ఎన్ని దినాలైంది?" అన్నాడు. నిన్ననే సార్ అన్నాను. గోడౌను తాళం తెమ్మన్నాడు. కారులో రెండు పెట్టెలు పెట్టించాడు. బిల్లు రాయమనలేదు. "నువ్వూ రామ్మా. చావు జరిగిన ఇంటికి నేనొక్కణ్ణే యాడ పోయేది," అన్నాడు. కృష్ణగిరి దాటి మత్తూరు చేరాం. సెంటరులో పెట్టెలు దింపి, సిస్టరమ్మను ఎక్కించుకుని ఆ ఇంటికి వెళ్ళాం.

రేకుల ఇల్లు, పక్కన గొర్రెల దొడ్డి. మునెమ్మను నేను ప్రాణంతో చూడలేదు. పూలదండ వేసిన ఫోటోలోనే చూశాను. గొర్రెలాయన మమ్మల్ని చూసి లేచాడు, మంచం దులిపి కూర్చోమన్నాడు. సార్ అక్కడ కూడా కూర్చోలేదు.

"ఏమప్పా, నేను..." అని ఆగిపోయాడు.

గొర్రెలాయన లోపలికి వెళ్ళి చొక్కా తెచ్చి, జేబులోంచి నేను రాసిన రసీదు తీశాడు. చిన్నగా మడిచి ఉంది.

"నాకు సదువు రాదు సారూ. ఇది ఏందని సిస్టరమ్మని అడిగితే మిమ్మల్నే అడగమనింది. మేమిచ్చిన దుడ్డు దేనికి పోయింది?"

"పాత బిల్లుకప్పా."

"ఎప్పటిది?"

"ఏడు నెలలైంది." సార్ రసీదు చూడకుండానే చెప్పాడు.

"మా ఆడమనిషిని మిషనుకి ఏసింది నాలుగు నెల్లే గదా సారూ. ఏడు నెలల ముందు ఆమెకి ఈ రోగమే తెలీదు."

సార్ గొర్రెల దొడ్డి వైపు తిరిగాడు.

"అయితే ఆ ఫిల్టర్లు ఎవురికి ఏసినారు?" గొర్రెలాయన ఈసారి సిస్టరమ్మను అడిగాడు.

ఆమె తల వంచుకుని చెప్పింది. "అప్పుడుండింది ఇద్దరేన్నా. ఆ తిమ్మాపురం ముసలాయన, ఆ టైలరు. ఇద్దరూ పోయినారు గదా."

గొర్రెలాయన ఇదంతా అడిగింది ఎవరినీ తప్పుపట్టాలని కాదు, తన గొర్రెల డబ్బు ఎటు పోయిందో తనకు తెలియాలి, అంతే.

"సరే సారూ. సచ్చిపోయినోళ్ళ బాకీ మేము కట్టినాం," అని రసీదు మళ్ళీ అలాగే మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా వైపు తిరిగి, "నీళ్ళు తాగుతావామ్మా, ఎండలో వచ్చినారు," అన్నాడు.

తాగాను. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

తిరుగు ప్రయాణంలో సార్ కృష్ణగిరి దగ్గర కారు పక్కకు ఆపాడు. టీ తెప్పించి తాగకుండా చల్లార్చాడు. తరవాత అడిగాడు, "పద్దులో తప్పు లేదు గదమ్మా?"

"లేదు సార్," అన్నాను. నిజంగానే లేదు. ఏ ఆడిటరు చూసినా తప్పు పట్టలేడు.

మర్నాడు పొద్దున చెప్పులు విడిచి లోపలికి వచ్చి "ఎంత?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చెప్పాను. నియమం మారలేదు. ఎవరి డబ్బు వచ్చినా పాత బిల్లుకే జమ. మత్తూరుకు మాత్రం నెలకు ఒక పెట్టె శాంపిల్ అని రాసి పంపేవాడు. స్టాకు చూడడానికి వచ్చిన బ్యాంకాయన, ఒకే ఊరికి ఇన్ని శాంపిళ్ళేమిటని అడిగితే, "వాళ్ళకింకా మన సరుకు పైన నమ్మకం రాలేదు సార్," అన్నాడు. బ్యాంకాయన నవ్వాడు. సార్ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఒకటి ముందే శాంపిలు చేసి ఉండొచ్చు కదా అని నాకు లోపల కోపం.

మూడేళ్ళకు వ్యాపారం చేయి దాటిపోయింది. ఒక పెద్ద హాస్పిటలు డబ్బు ఆపింది, అదే సమయంలో డాలరు ఎగిరింది. ఒక బెంగళూరు కంపెనీకి సరుకు, ఖాతాలు, ఫోను నంబరుతో సహా అమ్మేశాడు. నన్ను కూడా వాళ్ళే తీసుకున్నారు. మాట్లాడి పెట్టింది ఆయనే.

కిందటి నెలలో ఒక ఆదివారం పొద్దున చూడడానికి వెళ్ళాను. కాలేయం చెడిందని, ఎక్కువ రోజులు లేవని వాళ్ళావిడ వాకిట్లోనే చెప్పింది. ఆయన మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. డాలరు అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

"ఆ మత్తూరాయన వచ్చిన దినం గోడౌన్లో ఎన్ని పెట్టెలుండెనమ్మా?"

"నలభై సార్."

"నలభై ఒకటి. మూల నలిగిపోయింది ఒకటుండె. లోపల సరుకు బాగుండె, కాని పెట్టె నలిగిందని ఆ హాస్పిటలోళ్ళు వద్దనిరి. జ్ఞాపకం లేదా?"

ఉంది. స్టాకు పుస్తకంలో దాన్ని విడిగా రాసింది నేనే. అమ్మడానికి లేని పెట్టె.

"జ్ఞాపకముంది సార్."

"నువ్వు రసీదు రాస్తావుంటే నేను నీ బల్లకాడే నిలబడుకోని ఉంటిని. నలిగిన పెట్టె ఉండాది గద సార్, అది ఇస్తామా అని నువ్వు ఒక మాట అడిగుంటే ఇచ్చుందును. నా అంతకు నేను ఇయ్యలేకపోతినమ్మా. నువ్వు అడుగుతావేమోనని సూస్తా ఉంటిని."

నాకు కోపం వచ్చింది. చావబోయే మనిషి మీద రాకూడనంత కోపం. అడగకూడదని నేర్పింది ఎవరు? మొదటి వారంలోనే గోటితో గీసి చూపించింది ఎవరు? ఇన్నేళ్ళూ తనొక్కడే మోసినదాన్ని తీసుకొచ్చి సగం నా నెత్తిన పెడుతున్నాడనిపించింది. బస్సు టైమైందని చెప్పి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. ఆయన పోయిన సంగతి టైర్ల అంగడి గోడ చెబితే తెలిసింది.

ఆయన నిజంగా ఇచ్చి ఉండేవాడా, లేక పోయేముందు తనకు తాను చెప్పుకున్న మాటా అది, ఇంక తేల్చేవాళ్ళు లేరు. కానీ ఆ రోజు ఆయన నా బల్ల దగ్గర నిలబడి ఉన్నమాట నిజం. నంబరు సరిగ్గా వేస్తున్నానో లేదో చూస్తున్నాడనుకుని నేను ఇంకా జాగ్రత్తగా, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను.